స్ప్రింగు చుట్టు కోస్తే పోయేది చోటు

పాలకుర్తి నుంచి బమ్మెర వైపో వల్మిడి వైపో వెళ్లేటప్పుడు మీకు ఇలాంటి కారు ఎదురుపడే ఉంటుంది. ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ రాగానే దాదాపు ఆగిపోతుంది. ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే ఎక్కించి దించుకుంటూ పోతుంది. అయినా కింద ‘గర్ర్’మని రాసుకుంటుంది. కారు పాతదీ కాదు, అందులో నలుగురూ లేరు. టైరుకూ పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు మాత్రమే కనిపిస్తుంది. రేసు కారులా నేలకు ఆనుకుని ఉండాలని స్ప్రింగుల్లో ఒకటో రెండో చుట్లు కోయించారు.

కొత్త స్ప్రింగులు కొనాలంటే వేలల్లో ఖర్చు. కోయడానికి కటింగ్ మెషీన్, ఒక పూట కూలి చాలు. అందుకే చాలామంది కుర్రవాళ్లకు ఇది తేలిక దారిగా కనిపిస్తుంది. ఆ కోత వల్ల కారులో ఏం మారుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

పెన్ను స్ప్రింగు చెప్పే పాఠం

పాత బాల్‌పెన్ను విప్పి స్ప్రింగు బయటికి తీయండి. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. తర్వాత దాన్ని సగానికి కత్తిరించి, ఒక ముక్కను ముందు నొక్కినంత దూరమే నొక్కండి. ముక్క చిన్నదే, కానీ వేలికి రెట్టింపు బలం కావాలి.

స్ప్రింగు అంటే చుట్టలు చుట్టిన పొడవాటి ఉక్కు తీగ. మనం నొక్కినప్పుడు ఆ తీగ లోపల మెలిపడుతుంది. ప్రతి చుట్టూ తన వంతు మెలిని పంచుకుంటుంది. చుట్లు తగ్గితే పంచుకునేవి తగ్గుతాయి, స్ప్రింగు బిరుసెక్కుతుంది. ఆరు చుట్లలో ఒకటి తీస్తే బిరుసుతనం 20 శాతం పెరుగుతుంది, రెండు తీస్తే 50 శాతం. బరువు పెరిగిన కొద్దీ స్ప్రింగు అదే నిష్పత్తిలో అణుగుతుందన్న సూత్రాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి గూఢంగా ప్రకటించాడు. రెండేళ్ల తర్వాత, 1678లో విప్పి చెప్పాడు.

‘గట్టిపడితే మంచిదే కదా’ అనిపించవచ్చు. దానికి జవాబు మన ఎడ్లబండి దగ్గర ఉంది. బండికి స్ప్రింగు లేదు. చక్రం రాయెక్కితే పైన కూర్చున్న మనిషీ అంత ఎత్తూ ఎగిరేవాడు. అందుకే వరిగడ్డి మందంగా పరుచుకునేవాళ్లు. గడ్డిలో అణగడానికి చోటుంది కాబట్టి కుదుపు నడుముదాకా వచ్చేలోపు మెత్తబడేది. కారు స్ప్రింగుకు బలం ఎంత ముఖ్యమో చక్రం పైకి లేవడానికి చోటూ అంతే ముఖ్యం.

లెక్క వేసి చూద్దాం

సులువు కోసం ఒక చిన్న కారును ఊహించుకుందాం. ముందు చక్రం ఒక్కోదానిపై స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు. స్ప్రింగుకు పనిచేసే చుట్లు ఆరు, బరువు లేనప్పుడు దాని పొడవు 360 మిల్లీమీటర్లు. ప్రతి 2 కిలోలకు ఒక మిల్లీమీటరు అణుగుతుంది. కారు బరువుకు 150 అణిగి 210 మి.మీ. దగ్గర నిలుస్తుంది. అక్కడి నుంచి చక్రం ఇంకో 80 మి.మీ. పైకి లేస్తే రబ్బరు బఫర్ తగులుతుంది. కిందికి కూడా 80 మి.మీ. జారగలదు.

ఇప్పుడు ఒక చుట్టు కోశాం. పొడవు 300 అయింది. బిరుసెక్కింది కాబట్టి 125 మాత్రమే అణిగి 175 దగ్గర ఆగుతుంది. కోసింది 60 మి.మీ. అయినా కారు దిగింది 35 మి.మీ. మాత్రమే. బరువు మోస్తున్న స్ప్రింగులో ఒక్కో చుట్టు ఆక్రమించే ఎత్తు 35 కాబట్టి తగ్గేదీ అంతే.

చక్రం పైకి లేవడానికి 80 మి.మీ. ఉన్న చోటు ఇప్పుడు 45. స్ప్రింగు ఎంత దెబ్బను మింగగలదో చెప్పే లెక్కలో బిరుసుతనాన్ని ఒక్కసారి, దూరాన్ని రెండుసార్లు గుణించి, వచ్చినదాన్ని సగం చేయాలి. అలా చూస్తే ముందు సుమారు 63 జౌళ్ల దెబ్బను మింగిన స్ప్రింగు ఇప్పుడు 24 జౌళ్లే మింగుతుంది. బిరుసుతనం 20 శాతం పెరిగినా, కాచుకునే శక్తి 60 శాతానికి పైగా పడిపోయింది. పోయినదంతా తిరిగి రావాలంటే స్ప్రింగు మొదటికన్నా మూడు రెట్లకు మించి గట్టిగా ఉండాలి. ఒక చుట్టు కోత అంత గట్టిదనం ఇవ్వలేదు. మిగిలిన దెబ్బ రబ్బరు బఫర్‌కు, షాక్ అబ్జార్బర్ పై బిగింపుకు, బాడీ అతుకులకు, చివరికి మన వెన్నుపూసకు చేరుతుంది.

రెండు చుట్లు కోస్తే కారు 70 మి.మీ. దిగుతుంది. చక్రానికి మిగిలే చోటు 10 మి.మీ., చిటికెన వేలు మందం కూడా కాదు.

దిమ్మె దగ్గర ఏం జరుగుతుంది?

మన రోడ్లపై తిరిగే చిన్న కార్ల అడుగు నేలకు సాధారణంగా 160, 170 మి.మీ. ఎత్తులో ఉంటుంది. 70 తగ్గితే తొంభైకో వందకో వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుగా, నున్నగా ఉన్న దిమ్మెపై కారు ముందు, వెనుక చక్రాలు రెండూ ఉంటాయి. వాటి మధ్య దిమ్మె నాలుగు సెంటీమీటర్లే పైకి లేస్తుంది. నెమ్మదిగా వెళ్తే అడుగు తగలదు.

మన ఊళ్లలో చాలాచోట్ల ఉన్నవి అలాంటివి కావు. మిగిలిన కాంక్రీటుతో ఇంటిముందు వేసుకున్నవి. మూరెడు వెడల్పు, నిట్టనిలువు ఎత్తు. చక్రం దిగిన వెంటనే దిమ్మె మొత్తం ఎత్తూ కారు కడుపు కిందికి వస్తుంది. అక్కడ ఉండేవి ఆయిల్ చాంబర్, సైలెన్సర్ గొట్టం. ఆయిల్ చాంబర్ పగిలితే ఇంజిన్ ఆయిలంతా రోడ్డుపాలు. చూసుకోకుండా ఇంకొంత దూరం నడిపితే ఇంజినే పట్టేస్తుంది.

చక్రం వేలాడినప్పుడు

చక్రం గుంతలోకి జారితే స్ప్రింగు సాగాలి. మన లెక్కలో పూర్తిగా జారినప్పుడు స్ప్రింగు కూర్చునే పై కప్పుకూ కింది కప్పుకూ మధ్య దూరం 290 మి.మీ. కంపెనీ స్ప్రింగు సొంత పొడవు 360 కాబట్టి అప్పుడూ 70 మి.మీ. నొక్కుకునే, బిగువుగానే ఉంటుంది. ఒక చుట్టు కోస్తే ఆ బిగువు 10 మి.మీ.కు పడిపోతుంది. రెండు కోస్తే స్ప్రింగు పొడవు 240 మాత్రమే, 50 మి.మీ. ఖాళీలో వదులుగా ఆడుతుంది. చక్రం మళ్లీ పైకి వచ్చినప్పుడు అది తన గాడిలో కూర్చుంటుందన్న నమ్మకం లేదు. షాక్ అబ్జార్బర్‌కు దూరంగా విడిగా స్ప్రింగు పెట్టిన కార్లలో అది ఊడి పడిపోవచ్చు కూడా.

కోసిన అంచుతోనూ ఇబ్బందే. స్ప్రింగు చివరి చుట్టును కప్పు ఆకారానికి తగ్గట్టు మలుస్తారు. కోసిన తర్వాత ఆ మొన ఒక్క చోటే నొక్కుతుంది. పైపూత పోయిన చోట తుప్పు పడుతుంది. పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

గ్యాస్ కట్టర్‌తో కోయడం, ఎర్రగా కాల్చి స్ప్రింగును కుంగేలా చేయడం మరీ ప్రమాదం. కమ్మరి కొడవలిని కాల్చి, ముంచి, పదును పట్టినట్టే ఈ ఉక్కునూ ఎర్రగా కాల్చి చల్లార్చి, మళ్లీ నాలుగైదు వందల డిగ్రీల దగ్గర వేడిచేసి దానికి తగిన గుణం తెప్పిస్తారు. పదునైన కొడవలిని మళ్లీ పొయ్యిలో పెడితే దాని సత్తువ పోతుంది. స్ప్రింగుకూ అంతే.

మిగతా భాగాల సంగతి

షాక్ అబ్జార్బర్‌ను పాత స్ప్రింగుకు తగ్గట్టు తయారుచేశారు. స్ప్రింగు బిరుసెక్కితే దాని ఊపును ఆపడానికి షాక్ అబ్జార్బర్ సరిపోదు. గతుకు దాటాక కారు ఎగురుతూనే ఉంటుంది. చక్రాల కోణాలు మారి టైర్లు ఒక అంచునే అరుగుతాయి. మలుపుల్లో కారు ఒరగదనుకుంటారు, కానీ చాలా చిన్న కార్ల ముందు అమరికలో కారు దిగితే, ఏ బిందువు చుట్టూ బాడీ ఒరుగుతుందో ఆ బిందువు బాడీకన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. అప్పుడు ఒరిగించే బలానికి పట్టు పెరుగుతుంది.

కారు కిందికి దిగితే లాభమే లేదని చెప్పను. నేల నుంచి 550 మి.మీ. ఎత్తున ఉన్న బరువు కేంద్రం 35 మి.మీ. దిగితే, మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు సుమారు 6 శాతం తగ్గుతుంది. రేసు కార్లు అంత కిందికి ఉండేది అందుకే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఆ కార్లు నేలను దాదాపు రాసుకుంటూ పోయాయి. వాటి స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, చక్రాల కోణం అన్నీ ఆ ఎత్తుకే లెక్కగట్టినవి. పరుగు తీసిన దారిపైన వడ్లు ఆరబోసి లేవు, ఇంటిముందు దిమ్మెలూ లేవు.

చట్టం కూడా గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు ఇచ్చిన అసలు కొలతలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇప్పటికే స్ప్రింగులు కోసిన కారు కొన్నారా? జాకీ వేసి, స్టాండు పెట్టి చక్రాన్ని వేలాడనివ్వండి. స్ప్రింగును చేత్తో కదిపి చూడండి. కదిలితే ఆ కారును రోడ్డెక్కించకండి. కంపెనీ స్ప్రింగులు జతగా వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. మీరే విప్పే ప్రయత్నం మాత్రం వద్దు. మన లెక్కలోని కంపెనీ స్ప్రింగు, చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు కూడా 140 కిలోల బరువుకు సమానమైన బిగువుతో ఉంటుంది. సరైన పరికరం లేకుండా నట్టు వదిలితే అది తూటాలా దూసుకొస్తుంది.

స్ప్రింగు కోయవద్దు. శివరాత్రి జాతరకు అమ్మానాన్నలను, పిల్లలను ఎక్కించుకుని పాలకుర్తి సోమేశ్వరుడి గుట్టకు బయల్దేరిన రోజున, చీకట్లో కనిపించని గుంతలో చక్రం పడితే వాళ్లను కాచేది ఆ 80 మిల్లీమీటర్ల చోటే. దాన్ని అలాగే ఉండనివ్వండి.