మీకు తెలుసా? మెసేజ్ చదివేలోపు 83 మీటర్లు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఐదు సెకన్లలో దాదాపు 83 మీటర్లు దాటేస్తుంది. వాట్సాప్ మెసేజ్ చదివి "వస్తున్నా" అని కొట్టడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. గార్ల నుంచి డోర్నకల్ పోయే దారిలో ఆ 83 మీటర్లలో రోడ్డు మీద ఆరబోసిన మక్కలు ఉండొచ్చు, లైట్లు లేని ట్రాక్టర్ ఉండొచ్చు, మేకల మంద అడ్డం రావచ్చు.

అమెరికాలోని వర్జీనియా టెక్ పరిశోధకులు లారీల్లో కెమెరాలు పెట్టి చూశారు. మెసేజ్ టైప్ చేసే డ్రైవర్‌కు ప్రమాదం, లేదా త్రుటిలో తప్పిన ప్రమాదం ఎదురయ్యే ముప్పు 23 రెట్లు ఎక్కువని 2009లో తేల్చారు. అదీ నాలుగు చక్రాలకు పైగా ఉన్న బండి! ఒంటిచేత్తో నడిపే స్కూటీ సంగతి వేరే చెప్పాలా?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఫోన్ చేతిలో పట్టుకుని బండి నడిపితే మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఫోన్‌లో దారి చూసుకోవడానికి మాత్రం 2020 నుంచి మినహాయింపు ఉంది.

ఫోన్ సరే, అసలు బండి నడిపే వయసు సంగతి? పదహారేళ్లకు లైసెన్స్ వస్తుందని మన పిల్లల ధీమా. అది 50 సీసీ లోపు బండ్లకే. ఇప్పటి పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ అంతకు మించినవే. ఈ చట్టం కింద మైనర్ పిల్లాడు నేరం చేస్తే బండి యజమానికో, సంరక్షకుడికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు.