షరపోవాను ఇంటికి పంపిన 132వ ర్యాంకర్.. ఎవరీ దియాచెంకో?

వింబుల్డన్ 2018, తొలి రౌండ్. ఓ వైపు మాజీ ఛాంపియన్ మరియా షరపోవా. మరో వైపు క్వాలిఫయింగ్ దాటుకుని వచ్చిన వితాలియా దియాచెంకో, ర్యాంకు 132. మూడు గంటలకు పైగా సాగిన పోరులో తొలి సెట్ పోగొట్టుకుని కూడా 6-7, 7-6, 6-4తో దియాచెంకోనే గెలిచింది. వింబుల్డన్‌లో షరపోవా తొలి రౌండ్‌లోనే ఓడిపోవడం అదే మొదటిసారి.

దియాచెంకో 1990లో సోచీలో పుట్టింది. షరపోవా చిన్నతనం గడిచిందీ ఆ ఊళ్లోనే! 2014లో తైపీ టోర్నీ గెలిచి కెరీర్ బెస్ట్ 71వ ర్యాంకుకు చేరింది. మరుసటి ఏడాది యూఎస్ ఓపెన్‌లో సెరెనాతో మ్యాచ్‌ను 0-6, 0-2 దగ్గర గాయంతో వదిలేసింది. ఆపై ర్యాంకు జారిపోయింది.

ర్యాంకు జారితే ఏమవుతుంది? గ్రాండ్‌స్లామ్‌లో నేరుగా ఆడాలంటే దాదాపు టాప్ 100లో ఉండాలి. లేదంటే మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలవాల్సిందే. అందులో ఒక్కటి ఓడినా మెయిన్ డ్రా డబ్బు రాదు. 2018 వింబుల్డన్‌లో తొలి రౌండ్‌లో ఓడినవాళ్లకే 39 వేల పౌండ్లు ఇచ్చారు. రెండో రౌండ్‌కు వెళితే 63 వేలు. కోచ్, ఫ్లైట్ టికెట్లు, హోటల్.. ఖర్చంతా సొంతంగా పెట్టుకునే ప్లేయర్‌కు ఆ తేడా చిన్నదేం కాదు.

షరపోవాపై గెలిచాక ఆ జోరు ఎంతో దూరం సాగలేదు. రెండో రౌండ్‌లో సోఫియా కెనిన్‌ను ఓడించినా, మూడో రౌండ్‌లో యెలెనా ఒస్టపెంకో చేతిలో ఓడింది. 2023 జులైలో వార్సా టోర్నీ కోసం వెళితే పోలండ్‌లోకి అనుమతించలేదు. రాకెట్ పట్టకుండానే వెనుదిరిగింది.