బోర్డు మీది ఇంటిపేరు

దళితుల దుకాణానికి ప్రచారమంటే ఖర్చొక్కటే సమస్య కాదు. బోర్డు మీద ఇంటిపేరు చూసి వెనక్కి మళ్లే గిరాకీ ఉంటుంది. నోటిమాటే చవకైన ప్రచారం అంటారు గానీ, ఆ మాట వాడ దాటాలి కదా! అందుకే ఊరి గిరాకీని మించిన దారులు చూడాలంటున్నాం. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పెట్టడం, వాట్సాప్ బిజినెస్‌లో ధరలు చూపడం ఉచితం. అంతకన్నా పెద్దది ప్రభుత్వ కొనుగోలు. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. బూట్లు, బ్యాగులు కుట్టేవాళ్లు ముందు ఉద్యమ్‌లో నమోదు కావాలి. దానికి రుసుము లేదు, దళారీకి పైసా ఇవ్వొద్దు. టెండర్ ధరావతు మినహాయింపూ ఉంది. దగ్గర్లోని సంస్థ ఆ 4 శాతం కొన్నదో లేదో 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో విద్యార్థులే అడగొచ్చు.