మెదడుకు బ్రేకు వేసేదెవరు?
కాలిఫోర్నియా సదస్సు తేల్చలేకపోయిన ప్రశ్నకు జవాబు నేడు తెలంగాణ కల్లు దుకాణాల్లో ప్రాణాల మీదికి తెస్తోంది

1959 మే నెల. కాలిఫోర్నియాలోని డ్యుఆర్టే పట్టణం, సిటీ ఆఫ్ హోప్ వైద్య కేంద్రం. గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం, పొట్టిగా గాబా అనే రసాయనం మీద పనిచేస్తున్నవారిలో చాలామంది అక్కడ సమావేశమయ్యారు. వారి ముందున్న ప్రశ్న సూటిగానే ఉంది. మెదడులో ఒక నాడీకణం పక్క కణాన్ని 'ఆగు' అని ఆదేశించేది దీనితోనేనా?

సదస్సు ఏర్పాటు చేసిన యూజీన్ రాబర్ట్స్‌కు ఇది దాదాపు సొంతింటి వ్యవహారం. 1950లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఎలుకల కణజాలాల సారాన్ని వడపోత కాగితం మీద విడదీసి చూస్తుంటే, మెదడు సారంలో ఓ కొత్త మచ్చ కొట్టొచ్చినట్టు కనిపించింది. అదే గాబా. అంతకు ముందు ఏడాదే బంగాళదుంపలో దొరికిన పదార్థం! మెదడులో దానికేం పనో ఎవరికీ అంతుపట్టలేదు.

జవాబు మాంట్రియల్ నుంచి వచ్చింది. పశువుల మెదడు సారం క్రేఫిష్ అనే రొయ్య జాతి జీవి నాడీకణాన్ని ఠక్కున నిశ్శబ్దం చేస్తోందని ఎర్నెస్ట్ ఫ్లోరీ గమనించారు. ఆ పని చేస్తున్నది గాబాయేనని 1957లో ఆయన, బేజ్‌మోర్, ఎలియట్ కలిసి ప్రకటించారు. పసిపిల్లల రూపంలో మరో ఆధారం కూడా ఉంది. 1950ల ఆరంభంలో అమెరికాలో ఒక రకం డబ్బాపాలు తాగిన శిశువులకు ఫిట్స్ వచ్చాయి. పాలను వేడి చేసి శుద్ధి చేయడంలో బి6 విటమిన్ దెబ్బతినడమే కారణం. మెదడులో గాబాను తయారుచేసే ఎంజైమ్ బి6 లేనిదే పనిచేయదు. బ్రేకు తగ్గింది, బండి అదుపు తప్పింది. విటమిన్ ఇవ్వగానే పిల్లలు కోలుకున్నారు.

ఇంత ఉన్నా డ్యుఆర్టేలో పలువురు శరీరధర్మ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. వారి అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో డేవిడ్ కర్టిస్ బృందం పిల్లుల వెన్నుపాములోని కణాల మీద గాబాను ప్రయోగించింది. అది కణాలన్నిటినీ విచక్షణ లేకుండా మొద్దుబార్చింది. పైగా వెన్నుపాములోని సహజమైన నిరోధాన్ని దెబ్బతీసే స్ట్రిక్నీన్, గాబాను ఏమీ చేయలేకపోయింది. స్ట్రిక్నీన్ అంటే మన ముష్టి గింజల్లోని విషమే. కాబట్టి గాబా అసలు సందేశవాహకం కాదని కర్టిస్ బృందం 1959లోనే తేల్చేసింది.

పరిశీలన సరైనదే, తీర్మానమే తొందరపాటు. వెన్నుపాములో బ్రేకు పని ఎక్కువగా గ్లైసీన్ అనే మరో రసాయనానిదని, స్ట్రిక్నీన్ దెబ్బతీసేది దాన్నేనని తర్వాత వెల్లడైంది. బ్రేకు ఒకటి కాదు, రెండు. 1966లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు సముద్రపు లాబ్‌స్టర్ నిరోధక నాడుల నుంచి గాబా విడుదల కావడం చూపారు. 1967లో కృన్యేవిచ్, ష్వార్ట్స్ పిల్లి మెదడు పైపొరలో గాబా ప్రభావం సహజ నిరోధాన్ని అచ్చంగా పోలి ఉందని నిరూపించారు. 1970లో బికుకులిన్ అనే పదార్థం గాబా చర్యను, సహజ నిరోధాన్ని రెండింటినీ అడ్డుకుంటుందని చూపి అనుమానాలకు దాదాపు తెర దించిన బృందం ఎవరిదో కాదు, కర్టిస్‌దే. సొంత తీర్మానాన్ని సొంత ప్రయోగంతోనే కొట్టేసుకోవడం సైన్సులోనూ రోజూ జరిగే పని కాదు.

శాస్త్రజ్ఞులు ఇలా వాదించుకుంటుండగా మందుల కంపెనీలు ఆగలేదు. 1960లో లిబ్రియం, 1963లో వేలియం మార్కెట్లోకి వచ్చి కోట్లమందిని నిద్రపుచ్చాయి. ఇవి గాబా ద్వారానే పనిచేస్తాయని తేలింది 1975లో. గాబా నాడీకణం మీదున్న ఒక ద్వారాన్ని తెరుస్తుంది. క్లోరైడ్ అయాన్లు లోపలికి వచ్చి కణం చల్లబడుతుంది. బెంజోడయాజెపైన్ మందులు తమంతట తాముగా ఆ ద్వారాన్ని తెరవవు. గాబా తట్టినప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి.

తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతున్న డయాజెపామ్, ఆల్ప్రాజోలం ఈ కుటుంబానివే. కలిపే క్లోరల్ హైడ్రేట్ కూడా గాబా ద్వారం మీదే పనిచేస్తుంది. చెట్టు కల్లులో ఉండే ఆల్కహాల్ స్వల్పం కాబట్టి కిక్కు కోసం ఈ అడ్డదారి. రోజూ తాగేవారి మెదడు బయటి బ్రేకుకు అలవాటుపడి తన బ్రేకును తానే బలహీనపరుచుకుంటుంది. ఒక్కసారిగా కల్లు ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడిన కొద్దిరోజులకే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పోటెత్తారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

ఇంట్లోవాళ్లు మంచి ఉద్దేశంతోనే తాగేవాణ్ని గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. ప్రమాదం అక్కడే. ఆస్పత్రిలో వైద్యులు చేసేది దీనికి విరుద్ధం. కల్లులో కలిసిన మందు కుటుంబానికే చెందిన డయాజెపామ్ లాంటిదాన్ని లెక్క ప్రకారం ఇస్తూ, మెదడు సొంత బ్రేకు తిరిగి పట్టు సాధించేదాకా రోజులు, ఒక్కోసారి వారాలపాటు డోసు తగ్గిస్తూ వస్తారు.