ఒక వరాహం, ఇద్దరు వేటగాళ్లు: గ్రీకు రేఖ, లేపాక్షి రేఖ

గ్రీకు పురాణఘట్టాలను సిరారేఖలతో చిత్రించే సంప్రదాయానికి 18వ శతాబ్దపు ఆంగ్లశిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ ప్రసిద్ధుడు. ఇలియడ్, ఒడిస్సీలకు ఆయన గీసిన చిత్రాలు 1793లో వెలువడ్డాయి. ఛాయలు లేని ఆ గీతలకు ప్రాచీన గ్రీకు కుండల చిత్రణ ఆదర్శం. అగళి, మడకశిర, హిందూపురం సీమలో ఇటువంటి రేఖాప్రధానచిత్రణ చూడగోరేవారు లేపాక్షి వీరభద్రాలయపు మండపం కింద నిలిచి తల పైకెత్తవలసిందే.

అక్కడి పైకప్పుపై 16వ శతాబ్దపు కిరాతార్జునీయ చిత్రాలున్నాయి. సున్నపు గచ్చుపై పరిమితమైన రంగులు నింపి, నల్లని రేఖతో ఆకృతుల అంచులు తేల్చారు. ముఖాలు అధికంగా పార్శ్వదర్శనాలే. కథ విదితమే: వరాహానికి అర్జునుని బాణమూ కిరాతవేషి శివుని బాణమూ ఒకేసారి తగిలాయి. వేట ఎవరిదన్నదే తగవు.

గ్రీకుల కాలిడోన్ వరాహకథలోనూ తగవు ఇదే. ఓవిడ్ కథనంలో తొలిగాయం చేసినది అటలాంటా, చంపినవాడు మెలియాగర్. అతడు ఆమెకిచ్చిన చర్మాన్ని మేనమామలు లాగుకొన్నారు. వారిని చంపి, తల్లి ఆగ్రహానికి తానూ బలియైనాడు. మన కథలో తగవు పాశుపతంతో ముగిసింది. ఇలియడ్‌లో ఈ కథ ఉన్నా అటలాంటా ప్రసక్తి లేదు.

క్రీ.పూ. 570 ప్రాంతపు ఫ్రాన్స్వా కలశంపై క్లైటియాస్ ఈ వేటను చిత్రించాడు. నల్లని ఆకృతులలో సూదిమొనతో గీతలు చెక్కి, వేటగాళ్ల పక్కన పేర్లు వ్రాశాడు, కుక్కలకు కూడ! చర్మపుతగవును మాత్రం చూపలేదు. వరాహం కింద ఒక వేటగాడు చచ్చిపడియున్నాడు. మెలియాగర్ ఎదుటనుండి ఈటెతో పొడుస్తుండగా, తెల్లని మేనిఛాయతో అటలాంటా అతని వెనుకనే ఉంది. ఎవరు ఎక్కడ నిలిచారో పేరుతో సహా నమోదైనది గనుక, కలశంలో ఒక ముక్క విరిగినా మిగిలినవారిని గుర్తించవచ్చును.

లేపాక్షి చిత్రాన్ని చదవడానికి కథాజ్ఞానమే ఆధారం. అందులోనే ఒక ప్రమాదమూ ఉన్నది. అక్కడక్కడ రంగు రాలిపోయింది. ప్రతికృతి గీసేవారు కథ తెలిసినవారు గనుక, లేని రేఖను జ్ఞాపకంతో పూరించగలరు. అట్టి ప్రతి చూడ సొంపుగానే ఉంటుంది, కాని 16వ శతాబ్దపు చిత్రకారుడు బాణం ఎక్కడ నాటాడో చెప్పదు. ఈ ఆలయం 2022లో యునెస్కో తాత్కాలికజాబితాకెక్కింది. ఇకపై గీసే ప్రతికృతులలో కనిపించే రేఖను నిండుగీతతోను, ఊహించిన దానిని చుక్కలగీతతోను, రాలిన చోటును ఖాళీగాను చూపడం అవసరం.