పాస్‌వర్డ్ మరిచిపోతే?

ఇంటికి తాళం వేశాం. తాళం చెవి ఎక్కడో పడిపోయింది. అప్పుడేం చేస్తాం? ఇల్లు వదిలేసి పోతామా? పోము. తాళం తీయించి కొత్త తాళం వేసుకుంటాం.

పాస్‌వర్డ్ కూడా తాళం చెవి లాంటిదే. ఈ చెవి ఇనుముతో చేసింది కాదు. అక్షరాలతో, అంకెలతో చేసింది. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న మన ఖాతాను అది తెరుస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా పోదు. ఖాతాలో డబ్బూ పోదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు.

బీడీ కార్మికుల సంగతి చూద్దాం

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఎందరో ఆడవాళ్లు బీడీలు చుట్టి బతుకుతున్నారు. 1977 నుంచి బీడీ పనికి కూడా ప్రావిడెంట్ ఫండ్ చట్టం వర్తిస్తోంది. దీన్నే అందరూ పీఎఫ్ అంటారు. కూలిలో కొంత పీఎఫ్ కింద పట్టుకుంటారు. యజమాని కూడా తన వంతు కలపాలి. ఆ డబ్బు కార్మికుల పేరు మీద జమ అవుతుంది.

2014 నుంచి ఒక్కొక్కరికి 12 అంకెల నంబరు ఇస్తున్నారు. దాని పేరు యూఏఎన్. కంపెనీ మారినా ఆ నంబరు మారదు. ఆ నంబరు, పాస్‌వర్డ్ మన దగ్గర ఉండాలి. ఖాతాలో ఎంత జమ అయిందో మనమే చూసుకోవచ్చు.

జగిత్యాల దగ్గర పల్లెలో ఒక తల్లి ఉందనుకుందాం. ఇరవై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఈ మధ్యే చదవడం, రాయడం నేర్చుకుంది. బిడ్డ పెళ్లి దగ్గర పడింది. పీఎఫ్ ఎంత ఉందో చూడాలి. కానీ పాస్‌వర్డ్ తెలియదు. రెండేళ్ల కింద నెట్ సెంటర్‌లో ఎవరో పెట్టి ఇచ్చారు. ఆమె అడగలేదు. వాళ్లు చెప్పలేదు. ఇప్పుడు ఆ సెంటరే లేదు.

ఇంతలో ఆమెకు ఒక ఫోన్ వచ్చింది.

"పీఎఫ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. మీ పాస్‌వర్డ్ నేను మార్చి ఇస్త. మీ ఫోన్‌కు ఆరు అంకెలు వస్తయి. చెప్పున్రి."

తల్లి అంకెలు చదవబోయింది. బిడ్డ గబుక్కున ఫోన్ పట్టుకుంది.

"చెప్పకే అమ్మా! ఆఫీసోళ్లు ఓటీపీ అడగరు."

"సాయం జేస్తనంటున్నడు గదనే!"

"సాయం కాదు, మోసం. గా అంకెలు చెప్తే మన ఖాతా వాని చేతిలకు పోతది."

బిడ్డ చెప్పింది నిజం. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే రహస్య అంకెలు. అడుగుతున్నది ఖాతాదారేనా కాదా అని తెలుసుకోవడానికి కంప్యూటర్ వాటిని పంపుతుంది. అవి చెప్పిన వారికి కంప్యూటర్ తలుపు తెరుస్తుంది.

వెనుకటికి షావుకారు తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. తర్వాత దాని మీద ఏం రాసుకుంటే అదే లెక్క. తెలియని వాళ్లకు ఓటీపీ చెప్పడం కూడా అలాంటిదే.

కొత్త పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి?

మర్నాడు తల్లీబిడ్డలు మండల కేంద్రానికి వెళ్లారు. వెంట ఆధార్ కార్డు, యూఏఎన్ నంబరు, ఫోన్ పట్టుకుపోయారు. కంప్యూటర్ ముందు బిడ్డ కూర్చుంది. పక్కనే తల్లి కూర్చుంది.

1. ముందు పీఎఫ్ వారి సొంత వెబ్‌సైట్ తెరవాలి. దాని పేరు ఈపీఎఫ్ ఇండియా డాట్ జీవోవీ డాట్ ఇన్. ఎవరో పంపిన లింకు నొక్కకూడదు.

2. అందులో సభ్యులు లోపలికి వెళ్లే పేజీకి పోవాలి. అక్కడ 'ఫర్గాట్ పాస్‌వర్డ్' అని ఉంటుంది. అంటే 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అని అర్థం. దాన్ని నొక్కాలి.

3. యూఏఎన్ నంబరు కొట్టాలి. పక్కన వంకర టింకరగా కొన్ని అక్షరాలు కనిపిస్తాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు కొట్టాలి. కొడుతున్నది మనిషా, యంత్రమా అని ఇలా తెలుసుకుంటారు.

4. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు వంటి వివరాలు అడుగుతుంది. పీఎఫ్ లెక్కల్లో ఎలా ఉన్నాయో అలాగే కొట్టాలి.

5. ఆధార్‌కు జోడించిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లోనే కొట్టాలి.

6. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టాలి. రెండుసార్లూ ఒకేలా ఉండాలి.

ఓటీపీ రాగానే తల్లి తానే చదివింది. తానే ఒక్కొక్క అంకె వెతికి నొక్కింది. కొత్త పాస్‌వర్డ్ కూడా తానే పెట్టుకుంది. పని అయ్యాక 'లాగౌట్' నొక్కారు. అంటే తలుపు మళ్లీ వేశారన్నమాట. ఊరందరూ వాడే కంప్యూటర్‌లో ఇది మరిచిపోకూడదు.

ఓటీపీ రాకపోతే?

ఆధార్‌లో పాత ఫోన్ నంబరు ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించుకోవాలి. పేరు, పుట్టిన తేదీ పీఎఫ్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే కూడా పని ఆగుతుంది. అప్పుడు కంపెనీలో గానీ, పీఎఫ్ కార్యాలయంలో గానీ అడగాలి. 2023 జనవరి నుంచి పీఎఫ్ వారు ప్రతి నెలా 27న జిల్లాల్లో శిబిరాలు పెడుతున్నారు. అక్కడా అడగవచ్చు.

పాస్‌వర్డ్ ఎలా ఉండాలి?

సొంత పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ పెట్టకూడదు. అవి ఊళ్లో అందరికీ తెలుసు. మనకు గుర్తుండే రెండు మాటలు కలుపుకోవాలి. పెరట్లో చెట్టు పేరు, ఇంట్లో మేక పేరు కలపవచ్చు. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి. కొన్ని పెద్ద అక్షరాలు, కొన్ని చిన్న అక్షరాలు వాడాలి. మధ్యలో అంకెలు, చివర ఒక గుర్తు చేర్చాలి.

మరిచిపోతామనే భయం ఉంటే కాగితం మీద రాసి పెట్టెలో దాచుకోవచ్చు. ఫోన్ వెనుక మాత్రం అంటించకూడదు. వేరేవాళ్లు పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్ ఉంటే వెంటనే మార్చుకోవాలి.

పొరపాటున ఓటీపీ చెప్పి, డబ్బు పోతే ఆలస్యం చేయకూడదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇరవై ఏళ్ల చెమట ఆ ఖాతాలో ఉంది. దాని తాళం చెవి ఆ తల్లి చేతిలోనే ఉండాలి. వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్న చేతికి ఇది కష్టమేమీ కాదు.

ఆలోచించండి - చర్చించండి

1. మీ ఖాతాల పాస్‌వర్డ్ మీకు తెలుసా? లేక వేరేవాళ్లకు తెలుసా?

2. ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మీరేం చెబుతారు?

3. మీ ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు ఏది? చూసి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.