మంచు రోడ్డు మీద చక్రానికి గొలుసు ఎందుకు?



బండి ఆగేది దేనివల్ల అని అడిగితే మనలో చాలామంది "బ్రేకు వల్ల" అంటాం. అది సగం సమాధానమే. బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. అది తగ్గితే చక్రం ఆగినా బండి జారుతూనే పోతుంది.

పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.7 ఉంటుంది. అణగిన మంచు మీద అది 0.2కు, గాజులా గడ్డకట్టిన మంచు మీద 0.1కు పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు లెక్క కట్టి చూద్దాం. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగే కారు, అణగిన మంచు మీద 31 మీటర్లు, గడ్డకట్టిన మంచు మీద 63 మీటర్లు పోతుంది. ఒక పక్క కొండ, మరో పక్క లోయ ఉన్న ఘాట్ రోడ్డులో ఆ తేడా మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

దీనికి విరుగుడు మనకు కొత్తదేమీ కాదు. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ బిగిస్తారు కదా! రబ్బరు టైరు జారే చోట ఇనుప పట్టీలు బురదలోకి దిగి పట్టు ఇస్తాయి. మంచులో ఆ పని గొలుసులు చేస్తాయి. అమెరికాకు చెందిన హ్యారీ వీడ్ 1904లో టైరు గొలుసుకు పేటెంటు పొందాడు.

2020లో అటల్ సొరంగం ప్రారంభమయ్యాక మనాలి నుండి లాహౌల్‌కు చలికాలంలోనూ బండ్లు పోతున్నాయి. మంచు బాగా పడినప్పుడు పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లను, గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే పైకి పోనిస్తుంటారు. అయితే ఫోర్ బై ఫోర్ బండి కదలడానికి సాయపడుతుంది గానీ, ఆగడానికి దానికీ ఘర్షణే దిక్కు.

గొలుసులు కట్టడంలో గుర్తుంచుకోవలసినవి:

1. ఇంజను తిప్పే చక్రాలకు కట్టాలి.
2. మంచు మొదలయ్యే ముందే, చదునైన చోట కట్టాలి. కొంతదూరం పోయాక మళ్ళీ బిగించాలి.
3. గొలుసులున్నా నెమ్మదిగానే నడపాలి.
4. పొడి రోడ్డు రాగానే విప్పేయాలి. లేకుంటే కేజ్ వీల్స్ లాగానే రోడ్డునూ పాడుచేస్తాయి, తామూ తెగుతాయి.

మన ఊళ్ళ నుండి సైన్యంలో చేరి కాశ్మీరు, లడఖ్ రోడ్ల మీద బండ్లు నడిపేవారున్నారు. రేపు ఈ హాస్టలు నుండి మీలో కొందరు వెళ్ళవచ్చు. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేము. అందుకే చెబుతున్నాం: ఘర్షణ పాఠాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేయకండి. ఎక్కడో ఒక మలుపులో అది మిమ్మల్నీ, మీ వెనక కూర్చున్నవారినీ కాపాడుతుంది.